ఇంట్లో సముద్రం పెట్టుకునేవారు ముందు నీళ్ల సంగతి తెలుసుకోవాలి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఇంటి అలంకరణ గురించి వచ్చిన వ్యాసంలో, హాల్లో ఒక ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటే ఇంటికి కొత్త కళ వస్తుందనీ, మామూలు చేపల తొట్టి నీళ్లలో ఉప్పు కలిపితే సరిపోతుందనీ రెండు వాక్యాలు రాశారు. మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. కడపలో ఆరేళ్లుగా అలాంటి తొట్టిని సొంతంగా కట్టుకుని నడుపుతున్నవాడిని, అంతకుముందు చాలా ఏళ్లు జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి, రెండో వాక్యం చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎండలు మండే మన జిల్లాల్లో, చవిటినీళ్ల బోర్ల మధ్య కూడా ఈ తొట్టిని నడపవచ్చు. అయితే చేపలను పెంచడం కన్నా ముందు నీటిని పెంచడం నేర్చుకోవాలి.

ఉప్పు సంగతే మొదట చెబుతాను. సముద్రపు నీళ్లను ఎండబెడితేనే కదా ఉప్పు వచ్చేది, అదే ఉప్పును తిరిగి నీళ్లలో వేస్తే సముద్రపు నీళ్లే కావాలి కదా అని చాలామంది నన్ను అడిగారు. ఉప్పు మడిలో జరిగేది చూస్తే అలా ఎందుకు కాదో తెలుస్తుంది. నీరు ఇగురుతున్నకొద్దీ ముందు సున్నపు లవణాలు, జిప్సం అడుగున పేరుకుంటాయి, తర్వాత మనం తినే సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. దాన్ని గీకి తీసుకున్నాక మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఉన్న చేదునీరు మిగిలిపోతుంది, దాన్ని బయటికి వదిలేస్తారు. అంటే అంగట్లో దొరికే రాళ్లుప్పులో పగడానికీ, నత్తకూ, రొయ్యకూ కావలసిన కాల్షియం, మెగ్నీషియం మడిలోనే తప్పిపోయాయి. ప్యాకెట్ ఉప్పులోనైతే అయోడిన్, గడ్డకట్టకుండా వేసే పొడి అదనం. అందుకే అక్వేరియానికని ప్రత్యేకంగా తయారుచేసిన సముద్ర లవణ మిశ్రమాన్నే వాడాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు పడుతుంది. మొత్తం 200 లీటర్ల నీరు పట్టే నా తొట్టికి మొదటిసారి ఏడు కిలోలు పట్టింది. కలిపాక, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. నెల్లూరు జిల్లా తీరం నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీరే తెచ్చుకుంటే పోదా అని మా వియ్యంకుడు సలహా ఇచ్చాడు. ఒడ్డు దగ్గరి నీటిలో ఏరుల మంచినీరు, బురద, చెత్త ఏ రోజు ఎంత కలుస్తాయో ఎవరు చెప్పగలరు?

ఇక ఆ ఉప్పును కలిపే మంచినీరు. మా ఇంటి బోరు నీటిలో కరిగిన లవణాలు, టీడీఎస్ మీటరు లెక్కలో, లీటరుకు 900 మిల్లీగ్రాములు ఉంటాయి. తాగేందుకు పెట్టుకున్న ఆర్వో యంత్రం వాటిని 60కి తెస్తుంది. పగడాల తొట్టికి అది కూడా చాలదు, ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి బిగించి సున్నాకు తేవాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, తొట్టిలో నుంచి నీరు మాత్రమే ఆవిరవుతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. ఎండాకాలంలో నా తొట్టిలో రోజుకు నాలుగైదు లీటర్లు ఇగిరిపోతుంది. తగ్గిన మేరకు ఉప్పునీరే పోస్తే వారం తిరిగేసరికి నీరు చిక్కనై చేపల ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, పోయవలసింది ఎప్పుడూ మంచినీరే. ఆ మంచినీటిని నేరుగా బోరు నుంచి పోస్తే రోజుకు నాలుగు గ్రాముల పైచిలుకు ఖనిజాలు అదనంగా చేరి, మూడు నెలల్లో సుమారు 400 గ్రాములవుతాయి, వాటితోపాటు నాచుకు మేతయ్యే నైట్రేట్, సిలికా కూడా. ఇందులో నా మనసుకు ముల్లులా గుచ్చుకునే విషయం ఒకటుంది. ఒక లీటరు శుద్ధజలానికి ఆర్వో యంత్రం రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్లో ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు. ఆ నీటిని నేను డ్రమ్ములో పట్టి ఇల్లు కడగడానికీ, మరుగుదొడ్డికీ వాడతాను. అలా వాడుకునే ఓపిక లేనివారు ఈ సరదా జోలికి రాకపోవడమే మేలని నా అభిప్రాయం.

నీరు సిద్ధమైనంత మాత్రాన చేపలు వేయకూడదు. మొదటిసారి నాకు సామాన్లు అమ్మిన దుకాణదారు అదే రోజు చేపలు కూడా చేతిలో పెట్టబోయాడు, నేనూ చేయి చాచాను. నాలుగు రోజుల్లో రెండు చేపలు చచ్చిపోయాక గానీ తరగతిలో పాతికసార్లు చెప్పిన పాఠం నాకు గుర్తుకు రాలేదు. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం నైట్రేటుగా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా రాళ్ల రంధ్రాల్లో, ఇసుకలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీటి తొట్టిలో అమ్మోనియా చాలామటుకు అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర, అంటే క్షారం వైపు, ఉంటుంది కాబట్టి విషపూరితమైన అమ్మోనియా వాటా పెరుగుతుంది, మంచినీటి చేపలు పెంచి అలవాటైనవారు మోసపోయేది ఇక్కడే. పరీక్ష కిట్టులో అమ్మోనియా, నైట్రైటు రెండూ పెరిగి, మళ్లీ సున్నాకు దిగే దాకా ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవాలి. మా ఆవిడ ఆ నెలన్నర, వచ్చినవారందరికీ ఇది రాళ్ల అక్వేరియం అని చెప్పింది.

కట్టుబడి విషయంలో మన జిల్లాకు ఒక సౌకర్యం ఉంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టికి పది మిల్లీమీటర్ల గాజు తీసుకుని, బూజు నిరోధక మందు కలపని సిలికాన్‌తో అతికించి, వారం రోజులు ఆరనిచ్చాను. నీరు, రాళ్లు, గాజు కలిపి పావు టన్నుకు తగ్గని బరువుకు మొదట ఇనుప యాంగిల్ స్టాండు చేయిస్తే, పాకిన ఉప్పు రెండేళ్లలో రంగును తినేసి కాళ్లకు తుప్పు పట్టించింది. ఇప్పుడు ఇటుక దిమ్మెల మీద కడప బండ వేసి, దాని మీద థర్మోకోల్ పరిచి తొట్టిని నిలబెట్టాను. నీళ్లు చిందినా గుడ్డతో తుడిస్తే చాలు. అదే బండ ముక్కలను తొట్టి లోపల వేద్దామంటే మాత్రం పనికిరాదు, అంత గట్టి రాయిలో బ్యాక్టీరియా దాగే రంధ్రాలుండవు. కోళ్ల దాణా అమ్మేచోట దొరికే ఆల్చిప్పల నూకను సిమెంటులో కలిపి, మధ్యమధ్య రాళ్లుప్పు వేసి ముద్దలు చేస్తే, ఉప్పు కరిగిపోయాక ఆ ఖాళీలే రంధ్రాలవుతాయి. పైన పనికిరాదన్న ఉప్పు ఇక్కడ పనికొచ్చింది. ఈ రాళ్లను సిమెంటు ఘాటు పోయేదాకా రెండు నెలలు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, పీహెచ్ 8.5కు దిగాకే తొట్టిలో పెట్టాలి.

రాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. మొదటి సంవత్సరం నా తొట్టిలో ఎర్రటి జిగురు పొరలా పట్టి విసిగించినది సయనోబ్యాక్టీరియా. వేంపల్లె ప్రాంతపు డోలమైటు రాళ్లలో కనిపించే స్ట్రోమాటొలైట్లు, ఇక్కడ లోతులేని సముద్రం ఉన్న కాలంలో ఆ జాతి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టినవే. కడపకు సముద్రం మరీ కొత్తేమీ కాదు.

అందరూ భయపడేది ఎండ గురించి. పగడాల కణజాలంలో ఉండి వాటికి ఆహారం తయారుచేసే, నాచులాంటి సూక్ష్మ శైవలాలు, నీటి వేడి 30 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే బయటికి వెళ్లిపోతాయి, పగడం తెల్లబడుతుంది. 1998లోనూ 2016లోనూ లక్షద్వీప్‌లో అలాగే తెల్లబడ్డాయి. మే నెలలో మా గది 36 డిగ్రీలు ఉంటుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత నాకు లేదు. కంప్యూటరులో వాడే చిన్న ఫ్యాన్లు రెండు నీటి ఉపరితలం మీదికి తిప్పి పెడితే, కుండలో నీళ్లు చల్లబడే సూత్రం మీదే నీటి వేడి 27, 28కి దిగుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ ఉపాయం అంత బాగా పనిచేయదు. మన పొడిగాలి ఈ ఒక్క విషయంలో మనకు మేలు చేస్తోంది.

కరెంటు పోవడం ఎండకన్నా ప్రమాదం. ఉప్పునీటిలో మంచినీటిలో కన్నా ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది, నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. మోటార్లు ఆగిన రెండు మూడు గంటల్లో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి తప్పనిసరి. మోటారు ఆగగానే పై తొట్టి నీరు, దాన్ని పైకి తెచ్చే గొట్టం గుండానే, వడపోతకు కింద పెట్టిన సంపు అనే చిన్న తొట్టిలోకి వెనక్కి జారుతుంది. నీటిమట్టానికి కొంచెం కింద ఆ గొట్టానికి చిన్న రంధ్రం పెట్టకపోవడం వల్ల మొదటి గాలివాన రాత్రి మా హాలంతా ఉప్పునీరైంది. తడిచేతులతో ప్లగ్గులు ముట్టే పని కాబట్టి ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ స్విచ్చు లేకుండా మొదలుపెట్టవద్దు.

సున్నపుతేట గురించి రాయకుండా ఉండలేను. కాల్షియం హైడ్రాక్సైడును శుద్ధజలంలో కలిపి, మడ్డి దిగాక పైతేటను మాత్రమే తీసి, రాత్రిపూట చుక్కచుక్కగా వదిలితే కాల్షియమూ క్షారతా రెండూ అందుతాయి, రాత్రి పడిపోయే పీహెచ్ కూడా నిలబడుతుంది. దాని పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి ఒక్కసారిగా పోస్తే తొట్టి మొత్తం పోతుంది. వెల్లవేసే సున్నం కాదు, ప్రయోగశాల నాణ్యతది కావాలి. నిజం చెప్పాలంటే నా తొట్టికి వారానికి 20 లీటర్ల నీరు మార్చితే చాలు, తేట తీయడం నా పాత వృత్తి తాలూకు సరదా.

మీ వ్యాసం ఒక్కమాట కూడా అనని విషయం చట్టం. పగడపు దిబ్బలు కట్టే రాతి పగడాలనూ, సముద్ర గుర్రాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో వచ్చిందని చెప్పి ఎవరైనా పగడమో, పగడపు దిబ్బ నుంచి ఊడదీసిన 'లైవ్ రాక్' అనే రాయో అమ్మజూపితే కొనడం నేరం, అది తెలియక నేను కూడా ఒకసారి బేరమాడాను. నా తొట్టిలో రాతి పగడాలు లేవు. మరొక అభిరుచిగల మిత్రుడి తొట్టిలో పెరిగి, ముక్కగా విడదీసి ఇచ్చిన జోవాంథిడ్లు, మష్రూమ్‌లు అనే మెత్తటి పగడపు జాతులు ఉన్నాయి. జోవాంథిడ్లలో కొన్నింటికి పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది, అవి పట్టిన రాయిని వేడినీళ్లలో ఉడికించడం, బ్రష్షుతో రుద్దడం చేయకూడదు. చేపలు రెండు క్లౌన్ ఫిష్‌లు, హ్యాచరీలో పుట్టినవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటి పిల్లలను హ్యాచరీలో పెంచే విధానాన్ని రూపొందించింది కాబట్టి, సముద్రంలో వలవేసి పట్టినవాటిని కొనవలసిన అవసరం లేదు. సముద్రంలో అవి ఆశ్రయం పొందే ఎనిమోన్ అనే జీవి లేకపోయినా అవి హాయిగా ఉంటాయి.

వారంవారం తీసేసే 20 లీటర్ల నీటిలో 700 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని పెరట్లో చెట్లకు పోసినా, ఇంకుడుగుంతలో వదిలినా మన నేల, మన బోరు చెడతాయి. మురుగునీటి పైపులోకే వదలాలి.

ఈ వివరాల్లో కనీసం ఉప్పు, నెలన్నర నిరీక్షణ, చట్టం అనే మూడింటినైనా వచ్చే ఆదివారం అనుబంధంలో సవరణగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మీ వ్యాసం చదివి మా వీధిలోనే ఒకాయన తొట్టి కొన్నారు. రాళ్లుప్పు బస్తా ఇంకా విప్పలేదట.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
కడప.