ఇకపై ఫోన్ ఎవరు ఎత్తినా మీ పని అవ్వాలి

మిర్యాలగూడ మిల్లు సేట్లకు, నల్గొండ, దేవరకొండ ఎరువుల షాపుల అన్నలకు నమస్తే. మీ కాంటాలకు, బిల్లులకు కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు చేసిచ్చే మా ఆఫీసులో పని తీరు మారుతోంది. మీకూ కొంత ఇబ్బంది ఉంటుంది కాబట్టి ముందే చెప్తున్నా.

ఇన్నాళ్లూ మాది ప్రాజెక్టు లెక్క. ఆర్డర్ రాగానే మా దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలను దాని మీద పెట్టేవాళ్లం. వాళ్లే మీ దగ్గరికొచ్చి, చూసి, రాసి, నడిపించి ఇచ్చేవాళ్లు. పని తొందరగా అయ్యేది. చిక్కల్లా ఆ తర్వాతే. వాళ్లు ఇంకో పనిలో పడతారు, నేర్చుకున్నది వాళ్ల బుర్రలోనే ఉండిపోతుంది.

కాంటా సంగతే చూడండి. వేబ్రిడ్జి (లారీలు తూచే కాంటా) ఇండికేటర్, అంటే బరువు అంకెలు చూపించే డబ్బా నుంచి కంప్యూటర్‌కు బరువు కేబుల్‌లో వస్తుంది. కొన్ని ఇండికేటర్లు బరువు పంపే వేగం (బాడ్ రేటు) 2400, కొన్నింటిది 9600. అది కంప్యూటర్‌లో పెట్టిన వేగంతో కలవకపోతే తెర మీద పిచ్చి గుర్తులే. కొన్నయితే అంకెలను వెనక నుంచి పంపుతాయి: లారీ 12480 కిలోలుంటే 08421 అని వస్తుంది. తెలిసినవాడికి ఐదు నిమిషాల పని. తెలియనివాడు కేబుల్ మార్చి, పోర్టు మార్చి, ఆఖరికి కంప్యూటరే మార్చమంటాడు. వడ్ల సీజన్‌లో గేటు బయట లారీలు లైను కట్టినప్పుడు ఆ టెన్షన్ ఏంటో మీకు నేను చెప్పాలా?

జీఎస్టీ కథా అంతే. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల దాకా 5 శాతం పన్నులోకి వచ్చాక 26 కిలోల సంచులు మొదలయ్యాయి. సంచి బరువును బట్టి పన్ను దానంతటదే పడేలా ఒక మిల్లుకు చేసిచ్చాం. అది ఆ మిల్లు ప్రోగ్రామ్ కాపీలోనే ఉంది. పక్క మిల్లు అడిగితే మళ్లీ మొదటి నుంచి.

ఇప్పుడు అందరికీ పనికొచ్చే ప్రోగ్రామ్ ఒకే చోట పెడుతున్నాం, మీ మిల్లు సెట్టింగులు మాత్రం వేరుగా. శనివారం మధ్యాహ్నం నుంచి కొత్త పని ముట్టుకోం. ఆ వారం ఎక్కడ ఏం తగిలిందో, ఎలా తీశామో తెలుగులోనే రాసుకుంటాం. రాసింది చూసి ఇంకొకరు ఆ పని చేసి చూపించాలి, రాసినవాడు పక్కనే కూర్చుని నోరు మెదపకూడదు. (ఇదే వాళ్లకు అన్నింటికంటే కష్టంగా ఉంది.)

ఒక సేటు వెంటనే అడిగారు: “మా రేట్లు పక్క మిల్లోళ్లకు తెలుస్తాయా?” తెలియవు. మేం రాసుకునేది మిషన్ల గురించి, ప్రోగ్రామ్ గురించి. పార్టీల పేర్లు, రేట్లు, బాకీలు అందులోకి రావు.

మొదట్లో ఫోన్ ఎత్తిన పిల్లలు మీరు ఇదివరకే చెప్పిన సంగతులు మళ్లీ అడుగుతారు, ఓపిక పట్టండి. శనివారం సాయంత్రం కాంటా ఆగినా, బిల్లు రాకపోయినా ఫోన్ చేయండి, వస్తాం. కొత్త రిపోర్టులు మాత్రం సోమవారమే. సర్వీస్ చార్జీ ఈ ఏడాది పెంచడం లేదు.

మీరు చేయాల్సింది ఒక్కటే: ఇండికేటర్ వెనక స్టిక్కర్‌ను కంపెనీ పేరు, మోడల్ నంబర్ కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. దుమ్ము తుడిచి తీయండి, లేకపోతే మళ్లీ అడగాల్సి వస్తుంది.