ప్రాగ్ పాత ఊరు చూడబోయే ముందు

ప్రాగ్

అమ్మకి, నాన్నగారికి నమస్కారాలు.

మీ టూరు వాళ్ళు ప్రాగ్‌లో ఒక పూట ఖాళీ ఇచ్చారన్నారు కదా. ఆ పూట పాత ఊళ్ళో గైడుతో నడిచే టూరుకి వెళ్ళండి. ఆఫీసు వల్ల నేను సాయంత్రానికి గానీ రాలేను, అందుకే అన్నీ రాసి పంపుతున్నాను.

రంగు గొడుగులు పట్టుకుని నిలబడే "ఫ్రీ టూరు" పేరుకే ఫ్రీ. చివర్లో టిప్పు ఇవ్వాలి, గైడుకి వచ్చే డబ్బు అదే. చాలా కంపెనీలు తలకింత చొప్పున గైడు దగ్గరే వసూలు చేస్తాయి. మొదట్లో అందరినీ నిలబెట్టి ఫోటో తీసేది ఆ లెక్క కోసమే. మధ్యలో చెప్పకుండా జారుకుంటే మన వాటా ఆ గైడు జేబులోంచి పోతుంది. మనిషికి 200 నుంచి 300 కొరూనాలు (ఇక్కడి చెక్ డబ్బు) ఇస్తే మర్యాదగా ఉంటుంది. యూరో చిల్లర మాత్రం ఇవ్వకండి, నాణేలని ఇక్కడ ఎవరూ మార్చరు.

డబ్బు మార్చుకునేటప్పుడు "కమిషన్ 0%" అన్న బోర్డు చూసి ఆగకండి. కోత అంతా రేటులోనే ఉంటుంది. చేతికి ఎన్ని కొరూనాలు వస్తాయో ముందే కాగితం మీద రాయించుకోండి. మోసపోయామనిపిస్తే, రసీదు ఉంటే, మూడు గంటల్లోపు వెనక్కి వెళ్ళి ఆ మార్పిడిని రద్దు చేయించుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది. వీధిలో మనిషి వచ్చి మంచి రేటంటే మాట్లాడకుండా నడవండి, చెల్లని నోట్లు అంటగడతారు. ఏటీఎం "రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని అడిగితే వద్దని నొక్కి, కొరూనాల్లోనే తీసుకోండి.

నడక సాధారణంగా 1475లో మొదలుపెట్టిన పౌడర్ టవర్ అనే పాత నగర ద్వారం దగ్గర్నుంచి చెలెట్నా వీధి మీదుగా పాత ఊరి చౌకుకి వెళ్తుంది. అమ్మా, తోలు అడుగున్న చెప్పులు వేసుకోకు. నేలంతా చిన్న చిన్న రాతి బిళ్ళలు, వాన పడితే నున్నగా జారతాయి, మడమ ఎత్తుగా ఉంటే సందుల్లో ఇరుక్కుంటుంది. రబ్బరు అడుగున్న బూట్లే మేలు.

దారిలో ఇళ్ళ మీద రెండేసి నంబర్లు కనిపిస్తాయి. ఎరుపు పలక ఆ పేటలో ఇంటి నమోదు నంబరు, నీలం పలక వీధి వరసలోది. చిరునామా వెతికేటప్పుడు నీలమే చూడాలి. నంబర్లు రాకముందు ఇళ్ళకి గుర్తులుండేవి. చౌకులో మూలన రాతి గంట చెక్కిన ఇల్లు అలాంటిదే. ఇంకో సంగతి: వరదల బాధకి 13వ శతాబ్దంలో వీధుల మట్టాన్నే పైకెత్తారు. అప్పటి నేల అంతస్తులు ఇప్పుడు నేలమాళిగలయ్యాయి. మెట్లు దిగి ఏ హోటల్లోకైనా వెళ్తే ఆ పాత గోడలు కనిపిస్తాయి.

నాన్నగారూ, మీకు అసలు సరుకు పాత టౌన్ హాలు గోడ మీదున్న ఖగోళ గడియారం. ఉదయం 9 నుంచి రాత్రి 11 దాకా గంటగంటకీ ఏసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు తిరుగుతాయి, అస్థిపంజరం గంట లాగుతుంది, చివర కోడి కూస్తుంది. నిమిషం కూడా పట్టదు. జనమంతా దీనికోసమే మూగుతారు, జేబుదొంగలూ వీళ్ళకోసమే. గంట కొట్టడానికి పావుగంట ముందే అక్కడ కాలు పెట్టే చోటుండదు. గంట దాటాక పావుగంట ఆగి వెళ్ళి తీరిగ్గా చూడండి.

అది పంచాంగం లాంటి యంత్రం. మధ్యలో భూమి. నీలం రంగు పగలు, కింది నల్ల వృత్తం రాత్రి, రెండిటి మధ్య ఎర్రటి భాగం సంధ్య. బంగారు సూర్యుడు ఏ రంగు మీద ఉన్నాడో చూస్తే చాలు. చందమామ గోళం సగం వెండి, సగం నలుపు, తనంతట తను తిరుగుతూ తిథిని చూపిస్తుంది. బంగారు వంపు గీతలు పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి, మీరు రాహుకాలానికి పగటిని ఎనిమిది చేసినట్టే. జూన్‌లో ఒక్కో భాగం ఎనభై నిమిషాలు దాటుతుంది, డిసెంబరులో నలభైకి దిగుతుంది. బయటి నల్ల వలయంలో ఉన్నది పాత చెక్ కాలం, అది సూర్యాస్తమయం నుంచి లెక్క.

రాశిచక్రం చూసి మాత్రం తప్పనకండి. అది సాయనం, అంటే నక్షత్రాల నుంచి కాక విషువత్తు నుంచి రాశుల్ని లెక్కించే పద్ధతి. మే 25న సూర్యుణ్ణి మిథునంలో చూపిస్తుంది, మన పంచాంగంలో ఇంకా వృషభంలోనే ఉంటాడు. లోపల మూడు పెద్ద చక్రాలకి 365, 366, 379 పళ్ళు, వరసగా రాశులకి, సూర్యుడికి, చంద్రుడికి. పళ్ళు తక్కువైతే వేగం ఎక్కువ. అందుకే ఏడాదిలో సూర్యుడు 365 చుట్లు తిరిగేలోపు రాశిచక్రం 366 తిరుగుతుంది.

దాన్ని చేసిన హనుష్ అనే ఆయన ఇంకోటి చెయ్యకుండా కళ్ళు పొడిచారని గైడు చెబుతుంది. కట్టుకథ. 1410లో చేసింది కడాన్ ఊరి మికులాష్. రాజు మీద తిరగబడి 1621లో ఉరికీ కత్తికీ బలైన 27 మంది గుర్తుగా ఆ టౌన్ హాలు గోపురం పక్కనే నేలలో పరిచిన తెల్ల శిలువలు మాత్రం నిజం. జనం చూసుకోకుండా తొక్కేస్తుంటారు. ఎక్కాలనిపిస్తే గోపురానికి లిఫ్టు ఉంది, అమ్మ భయపడక్కర్లేదు.

చౌకులో పొగలు కక్కే గొట్టం రొట్టెలు పాత చెక్ వంటకమని అమ్ముతారు. టూరిస్టుల కోసం ఈమధ్య వచ్చినవే. గుడ్డు ఉందేమో అడిగి కొను అమ్మా. కుళాయి నీళ్ళు తాగొచ్చు. టాయిలెట్లకి చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి.

చివర చార్లెస్ వంతెన, 516 మీటర్లు. పునాదిరాయి 1357లో, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5:31కి వేశారని చెబుతారు. అంకెలు వరసగా రాసి చూడండి, 135797531. ఇక్కడి రాజులకీ ముహూర్తాల పిచ్చి ఉండేదన్నమాట.

వంతెన నుంచి స్టారోమేస్ట్‌స్కా మెట్రో దగ్గరే. పేపరు టికెట్టు కొని, ప్లాట్‌ఫారానికి కిందకి దిగేముందే పసుపు పెట్టెలో ముద్ర వేయించండి. ముద్ర లేకపోతే టికెట్టు లేనట్టే లెక్క, జరిమానా వేస్తారు. ఎస్కలేటర్లు లోతుగా, మన ఊళ్ళలో కంటే చాలా వేగంగా ఉంటాయి. అమ్మని ముందు ఎక్కించి మీరు వెనక నిలబడండి, కుడివైపే.

ఉంటాను,
మీ అమ్మాయి