పడ్డ గుర్రానికి కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను పశువుల ఆసుపత్రిలో 30 ఏళ్ళ పైన కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మురళీనగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మొన్న ఒక తీర్థంలో చూసింది కళ్ళ ముందు నుంచి పోవట్లేదు, అందుకే రాస్తున్నా, కాస్త పొడుగైనా వేయండి.

మన వైపు వాళ్ళకి తెలిసిందే, సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి అనకాపల్లి, చోడవరం, మాడుగుల పక్కనంతా తీర్థాలు, ఎడ్ల పందేలు, గుర్రాల పరుగు పందేలు. నాకు చిన్నప్పట్నుంచీ గుర్రాలంటే ప్రాణం, ఎక్కడ పందెమున్నా బస్సెక్కి పోతాను. ఆ ఊరి పేరు రాయను, వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు, ఏ ఊరైనా ఇదే జరిగేది. కోతలైపోయిన మళ్ళలో ట్రాక్ చదును చేశారు, అటూ ఇటూ వెదురు కర్రలకి తాడు కట్టారు, జనం ఆ తాడుని పొట్టతో తోసుకుంటూ ట్రాక్ మీదకే వచ్చేశారు. మలుపు దగ్గర ఒక ఎర్ర గుర్రానికి ముందుకాళ్ళు మడతపడి మెడ మీదుగా బోర్లా పడింది. రౌతు కుర్రోడు ఎగిరి అవతల పడ్డాడు, దులుపుకుని లేచాడు, వాడికేం కాలేదు. గుర్రం పక్కకి ఒరిగి ఉండిపోయింది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఇక్కడిదాకా ఎవరి తప్పూ లేదు, పరిగెత్తే గుర్రం ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. తర్వాత జరిగిందే నా బాధ. అర నిమిషంలో తాడు తెగిపోయింది, రెండు మూడొందల మంది మూగేశారు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒకడు ఈల వేస్తున్నాడు, ఒకడు లేపండెహె లేపండెహె అంటూ తోక పట్టి లాగుతున్నాడు, ఇంకొకాయన పాపం మంచి మనసుతోనే బాటిల్ మూత తీసి నీళ్ళు దాని ముక్కులో పోసేశాడు. డీజే ఆగలేదు, మైకులో ఆయన తర్వాత రావాల్సిన గుర్రాల పేర్లు చదువుతూనే ఉన్నాడు. గుర్రం ఆసామి దాని తల ఒళ్ళో పెట్టుకుని "బాబూ కూసింత ఎనక్కెల్లండి, దానికి గాలాడనియ్యండి, మీకు దణ్ణం పెడతాను" అని ఏడుస్తున్నాడు, ఒక్కరూ కదల్లేదు. నేను తోసుకుని మధ్యలోకి వెళ్ళేలోపు గెలిచిన గుర్రం తాలూకు కుర్రాళ్ళు టపాకాయల దండ అంటించారు. ఆ మోతకి గుర్రం ఒక్కసారిగా లేవబోయింది, ముందుకాళ్ళు చాపి సగం లేచింది, ఎటు చూసినా మనుషులే, అడుగు వేయడానికి చోటు లేదు, తడబడి బరువంతా కుడి ముందుకాలి మీద వేసి మళ్ళీ కూలిపోయింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడు, నాకు బాగా వినపడింది.

1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వచ్చింది. డాక్టరమ్మ కాలు తడిమి చూసి ఇక లాభం లేదంది, నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చింది. ఆ ఆసామి దాని మెళ్ళో గవ్వల దండ విప్పుకుని జేబులో పెట్టుకుని, ఖాళీ ఆటో వెనకాల నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వీడియో మాత్రం ఆ సాయంత్రానికే మా వాకింగ్ గ్రూప్‌లోకి వచ్చేసింది, కింద నవ్వే బొమ్మలు పెట్టారు.

ఇది చూశాక నాకు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ గుర్తొచ్చింది. మా అమ్మాయి అక్కడ నర్సు, రెండేళ్ళ కిందట మూడు నెలలు ఉండొచ్చాను. ఆ ఊళ్ళోనే ఎయింట్రీ అని రేస్‌కోర్సు, ఏటా ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ రేసు జరిగేది అక్కడే, 1839 నుంచి ఉంది. మన హైదరాబాద్ మలక్‌పేటలో జరిగేవి చదునైన ట్రాక్ మీద పరుగులు, ఇవి జంప్ రేసులు, గుర్రం దారిలో కంచెలు దూకుతూ పోవాలి. నేషనల్ అయితే దగ్గర దగ్గర 7 కిలోమీటర్లు, 30 దూకుళ్ళు. అందులో ఒక కంచె పేరు బీచర్స్ బ్రూక్, మొదటి ఏడాది బీచర్ అనే కెప్టెన్ గుర్రం మీంచి అక్కడి వాగులో పడ్డాడట, ఆయన పేరే దానికి పెట్టారు. అంటే పడటం అనేది ఆ రేసుతోనే పుట్టింది. అందుకే ఆ దేశంలో పడ్డప్పుడు ఏం చేయాలో కూడా నేర్చుకోవాల్సి వచ్చింది అనిపిస్తుంది నాకు.

మా అల్లుడు నన్ను తీసుకెళ్ళింది అంత పెద్ద రేసుకి కాదు, ఒక చిన్న ఊరి జంప్ రేసులకి. మేం కంచెకి ఓ 50 గజాల దూరంలో రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. రెండో రౌండులో ఒక నల్ల గుర్రం కంచె పైభాగానికి తగిలి అవతల తలకిందులుగా పడింది. జనమంతా ఒక్కసారి అయ్యో అన్నారు, అంతే, తర్వాత గొంతులన్నీ తగ్గిపోయాయి. మైకులో రేసు చెప్పేవాడు మిగతా గుర్రాల గురించి చెప్తూనే ఉన్నాడు కానీ మా చుట్టుపక్కల ఎవరూ అరవట్లేదు. నా పక్కనున్నావిడ పిల్లాడి భుజాలు పట్టి నెమ్మదిగా అటు తిప్పేసింది, ఒక పెద్దాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. పడ్డది వేరే వాళ్ళ గుర్రం కదా అని వెనక ఇద్దరు కుర్రాళ్ళు చేతులెత్తి కేక పెట్టారు, వాళ్ళు కాసిన గుర్రం ముందుకెళ్ళింది కాబోలు, ఒక ముసలావిడ వెనక్కి తిరిగి ఒక్క మాటా అనకుండా చూసింది, వాళ్ళు చేతులు దించేశారు. అక్కడ కూడా అందరూ ఋషులేం కాదు, తాగి వచ్చేవాళ్ళూ ఉన్నారు, డబ్బు పోయిందని కిందపడ్డ జాకీనే తిట్టేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆపే కళ్ళు కూడా జనంలోనే ఉన్నాయి.

ఆ గుర్రం దగ్గరికి ఎవరెవరు వెళ్ళారో చూడండి. నలుగురైదుగురే. ఇద్దరు ఆకుపచ్చ తెరలు మోసుకొచ్చి జనానికీ గుర్రానికీ మధ్య పెట్టారు. తెర పెట్టేలోపు నేను చూసింది ఏంటంటే, ఒకాయన దాని వెన్ను వైపు నుంచి వచ్చాడు, కాళ్ళ వైపు నుంచి కాదు, చెవుల వెనక మెడ మీద మోకాలు ఆనించి, పైకి కనపడే కంటి మీద అరచెయ్యి కప్పి ఏదో గొణుగుతున్నాడు. ఇది మేం ఇక్కడ ఆసుపత్రిలో చేసేదే. గుర్రం లేవాలంటే ముందు తల ఎత్తాలి, తల పట్టి ఉంచితే తొందరపడి లేవదు, కన్ను మూస్తే భయం తగ్గుతుంది. పడ్డ గుర్రానికి చాలాసార్లు ఎముకేం విరగదు, ఊపిరి పట్టేసి ఉంటుంది, మనకి వీపు మీద పడితే కాసేపు ఊపిరి అందనట్టు. ఐదు నిమిషాలో పది నిమిషాలో ప్రశాంతంగా వదిలేస్తే దానంతట అదే లేస్తుంది. ఆ నల్ల గుర్రం అలాగే లేచింది, ఒళ్ళంతా ఒకసారి విదిల్చుకుంది, కళ్ళెం పట్టుకుని నడిపించుకుపోయారు. అది దూరం వెళ్ళేదాకా ఆగి అప్పుడు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు తడిసిపోయాయి.

ఆ తెర గురించి ఒక మాట చెప్పాలి, మా అల్లుడే నాతో వాదించాడు, చచ్చిపోయే గుర్రాన్ని టీవీలో కనపడకుండా దాచడానికే ఆ తెరలు మావయ్యా అని. దాచే బుద్ధి ఉన్నవాళ్ళు ఉండొచ్చు. కానీ తెర పెట్టినంత మాత్రాన గుర్రం పోయినట్టు కాదు. 2025 నేషనల్‌లో బ్రాడ్‌వే బాయ్ అనే గుర్రం ముందు పరిగెడుతూ 25వ కంచె దగ్గర ఎంత ఘోరంగా పడిందంటే టీవీలో చూసి ఇక అయిపోయిందనే అనుకున్నాను, అది బతికింది. అదే రేసులో సెలెబ్రె డాలెన్ అని 13 ఏళ్ళ గుర్రం, కంచె మీద పడనే లేదు, రేసు అయ్యాక ట్రాక్ మీద కూలబడింది, లేచి అంబులెన్స్ కూడా ఎక్కింది, రెండు మూడు రోజులకి చనిపోయింది. చూసేవాళ్ళ కంటికి కనపడేది వేరు, లోపల జరిగేది వేరు. అందుకే తెర ఉండాలి, తర్వాత గుర్రం ఏమైందో నిజం చెప్పడం కూడా ఉండాలి.

అసలు అంత పొడుగు, అన్ని కంచెలు అవసరమా అంటే నా మట్టుకు నాకు నచ్చదు. వాళ్ళు కూడా తగ్గిస్తూ వస్తున్నారు, 2013 నుంచి కంచెల లోపల గట్టి చెక్క తీసేసి వంగే ప్లాస్టిక్ పుల్లలు పెట్టారు, 2024 నుంచి 40 గుర్రాల బదులు 34కి మించి పరిగెత్తనివ్వట్లేదు. గుర్రం పడి ఉన్న కంచె దగ్గరికి రెండో రౌండులో మిగతావి వస్తే జెండా చూపించి పక్కనుంచి మళ్ళిస్తారు. 2023లో జంతు ప్రేమికులు ట్రాక్ మీదకి వచ్చి ఆపబోయారు, 118 మందిని అరెస్ట్ చేశారు, రేసు లేటయింది, మొదటి కంచె దగ్గరే హిల్ సిక్స్‌టీన్ అనే గుర్రం పడి చనిపోయింది. ఆ గోలకి గుర్రం బెదిరిపోయిందని దాని ట్రైనర్ అన్నాడు, అసలు రేసే చంపిందని వాళ్ళు అన్నారు. ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు, గోల గుర్రానికి మంచిది కాదన్నది మాత్రం ఇద్దరూ కాదనలేరు.

గుర్రం మన కుక్కలాగా ఆవులాగా కాదండి. గడ్డి మైదానాల్లో వేటాడే మృగాల్ని చూసి పారిపోయి బతికిన జాతి, దానికి తెలిసిన రక్షణ ఒక్కటే, లేచి పరిగెత్తడం. కళ్ళు పక్కలకి ఉంటాయి కాబట్టి ఇంచుమించు చుట్టూ కనపడుతుంది, అంటే చుట్టూ నిలబడ్డ మూడొందల మందీ దానికి కనపడతారు. నేల మీద పడి ఉండగా చుట్టూ జనం మూగితే ఎముక విరిగినా సరే లేవాలనే చూస్తుంది. 500 కిలోల బరువు, మోకాలి కింద కండే ఉండదు, ఎముక, నరాల్లాంటి తాళ్ళు, పైన తోలు, అంతే. నాలుగు గిట్టలంటే నాలుగు వేళ్ళ మీద ఆ బరువంతా నిలబడటం. కాలు విరిగితే మనిషిలాగా మంచం మీద మూడు నెలలు పడుకోబెట్టలేం, ఎక్కువసేపు పడుకుంటే దాని బరువే దాని ఊపిరితిత్తుల్నీ కండల్నీ నలిపేస్తుంది, నిలబెడితే మిగతా కాళ్ళ గిట్టలు చెడిపోతాయి. అందుకే ఆ రెండోసారి పడటం ఉంది చూశారూ, అది జరగకుండా చూడటమే సగం వైద్యం, దానికి డాక్టరు అక్కర్లేదు, జనం వెనక్కి జరిగితే చాలు.

మన ఆర్కే బీచ్‌లో కూడా చూస్తుంటాను, సాయంత్రం పిల్లల్ని ఎక్కించే గుర్రాలు. ఆమధ్య కాళీమాత గుడి ఎదురుగా తడి రోడ్డు మీద ఒకటి జారి మోకాళ్ళ మీద పడింది, వెంటనే ఫోన్లు పైకి లేచాయి. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం చున్నీ తీసి ఆ గుర్రపబ్బాయికి ఇచ్చింది, కళ్ళకి కట్టు తమ్ముడూ అని. ఎవరు నేర్పారో ఆ పిల్లకి.

సంపాదకుల వారూ, మీకూ ఒక విన్నపం. పందెంలో పడ్డ గుర్రం ఫోటో, నోరు తెరుచుకుని కాళ్ళు గాల్లోకి ఉన్నది, జిల్లా పేజీల్లో పెద్దది వేస్తుంటారు. దాని బదులు కింద రెండు లైన్లు వేయండి, ఆ గుర్రం ఇప్పుడు ఎలా ఉందో. చదివేవాళ్ళకి కావలసింది అదే.

తీర్థం కమిటీల వాళ్ళని నేను అడిగేది పెద్ద ఖర్చేం కాదు. తాడు ఒక వరస కాకుండా రెండు వరసలు కట్టండి, మధ్యలో పది అడుగులు వదిలి. మైకు పట్టుకున్నాయనకి ముందే చెప్పి ఉంచండి, గుర్రం పడగానే డీజే ఆపేసి, అందరూ ఉన్న చోటే కూర్చోండి అని ఒక్క మాట అనాలని, నిలబడ్డవాళ్ళు తోసుకొస్తారు గానీ కూర్చున్నవాళ్ళు రారు. టపాకాయలు గుర్రాలన్నీ వెళ్ళిపోయాక కాల్చుకోండి. నీళ్ళు పోయాలనిపిస్తే పరిగెత్తి నిలబడ్డ గుర్రం ఒంటి మీద బకెట్లతో పోయండి, వేడి దిగుతుంది, పడి ఉన్నదాని ముక్కులో నోట్లో మాత్రం పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పశువుల డాక్టరు గారికి ముందు రోజే కబురు పెట్టండి. తెరలంటారా, మన దగ్గర షామియానా పక్క గుడ్డలు లేని ఊరుందా? నాలుగు వెదురు కర్రలకి రెండు పక్క గుడ్డలు కట్టి ట్రాక్ మలుపు దగ్గర పడేసి ఉంచితే చాలు.

మా వీధి చివర టెంట్ హౌస్ అబ్బాయితో మాట్లాడాను, రెండు గుడ్డలు ఊరికే ఇస్తానన్నాడు, ముదురు ఆకుపచ్చవి. వచ్చే ఆదివారం మాడుగుల వైపు పందెం ఉందంట, కమిటీ వాళ్ళు ఒప్పుకుంటే అవి తీసుకుని పొద్దున్నే మొదటి బస్సుకి వస్తాను, మలుపు దగ్గర నిలబడతాను, ఇంకొక కొస పట్టుకోవడానికి ఒక మనిషిని ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువుల ఆసుపత్రి కాంపౌండరు,
మురళీనగర్, విశాఖపట్నం