ఈసారి నిజంగానే రెండు పీసులున్నాయి

అక్కలూ, అమ్మలూ, అందరికీ నమస్తే. రెండు వారాల నుంచి చీరల లైవ్ పెట్టట్లేదేంటి, షాపు ఎత్తేశారా అని తెగ అడుగుతున్నారు. ఎత్తెయ్యలేదండీ, మంగళగిరిలోనే ఉన్నాం, మగ్గాలూ నడుస్తున్నాయి.

ఓ నెమలికంఠం చీరతో వచ్చింది ఇదంతా. లైవ్‌లో చూసి ఒక పెద్దావిడ తీసుకున్నారు, పార్సిల్ విప్పి ఫోన్ చేసి "అమ్మాయ్, నేనడిగింది నీలం, నువ్వు పచ్చది పంపావేంటి" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. ఆ చీరకి పడుగు, అంటే నిలువు దారం, నీలం, పేక, అంటే అడ్డ దారం, ఆకుపచ్చ, ఇటు తిప్పితే ఓ రంగు అటు తిప్పితే ఇంకో రంగు కొడుద్ది, నా ఫోనేమో రింగ్ లైట్ కింద ఒక్క నీలాన్నే పట్టుకుంది. అదే షాపుకొచ్చుంటే గుమ్మం దగ్గర వెలుతుర్లో మడత విప్పి చూపించేదాన్ని, అర నిమిషం పని. చీర వెనక్కి తీసుకున్నా, రెండువైపులా కొరియర్ నేనే పెట్టుకున్నా.

ఇంకోటి కూడా ఒప్పేసుకుంటా. లైవ్‌లో "ఒక్క పీసే, ఒక్క పీసే" అని అరిచేదాన్ని కదా, ఒక్కోసారి లోపల ఇంకో రెండుండేవి. అందరూ అలాగే అంటున్నారని నేనూ అన్నా, మీరు గబగబా బుక్ అని కొట్టి తెల్లారి క్యాన్సిల్ అనేవాళ్లు, సరిపోయింది ఇద్దరికీ.

రాత్రి పదకొండింటికి "ప్రైస్ ప్లీజ్" వస్తది, చూసి ఊరుకుంటే నీలం టిక్కులు పడ్డాయి రిప్లై ఏదీ అంటారు, దాంతో మా ఆయన అన్నం పెట్టుకుని ఒక్కడే తిని పడుకునేవాడు. 2021 అక్టోబర్ 4 రాత్రి గుర్తుందా, వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా మూడూ ఒక్కసారే ఆరు గంటలు ఆగిపోయాయి, నేనైతే మా వైఫై పోయిందనుకుని ఆపి వేసి ఆపి వేసి చివరికి పడుకున్నా. అంత నిద్ర మళ్లీ పోలేదు.

అందుకే ఇకనుంచి మెసేజ్‌లకి పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకే జవాబు. లైవ్ ఆదివారం పగలు మాత్రమే, గుమ్మంలో, రింగ్ లైట్ లేకుండా. పేమెంట్ స్క్రీన్‌షాట్ పంపినా డబ్బులు నా అకౌంట్లో పడ్డాకే పార్సిల్ కడతా, మిమ్మల్ని నమ్మక కాదు, దొంగ స్క్రీన్‌షాట్‌కి ఒకసారి 2,400 చీర పోయింది. నా నంబర్ సేవ్ చేసుకోండి, లేకపోతే వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీకు రాదు, నేనేదో కావాలని పంపలేదనుకుంటున్నారు కొందరు.

ఆర్డర్ చీరలకి తొందర పెట్టొద్దు. వానలకి మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో చెమ్మ ఎక్కితే నేత ఆగుద్ది, దానికి ట్రాకింగ్ నంబర్ ఉండదు. మొన్న మా నేత బాబాయ్ ఇంటికెళ్తే "ఏమ్మా, ఫోన్లో తప్ప కనపడట్లేదు" అన్నాడు, ఆర్నెల్లయింది మరి వెళ్లి.

అన్నట్టు నెమలికంఠం రెండున్నాయి. ఈసారి నిజంగా రెండే.