రాజ్ రెడ్డి గారి పాఠానికి సాయం చేసిన మీ అందరికీ కృతజ్ఞతలు

మా జిల్లా పరిషత్ హైస్కూల్ పదో తరగతి పిల్లలకు ప్రొఫెసర్ రాజ్ రెడ్డి గారి గురించి తెలుగులో ఒక పాఠం చెప్పాలనుంది, తెలిసినవాళ్లు సాయం చేయండని పోయిన నెల మిమ్మల్ని అడిగాను. శనివారం ఆ పాఠం జరిగింది. రెండు పీరియడ్లు అనుకున్నది లాంగ్ బెల్ కొట్టేదాకా సాగింది, కొట్టాక కూడా పిల్లలు కదల్లేదు. దీని వెనక ఎవరెవరు ఎంత శ్రమ పడ్డారో అందరికీ తెలియాలని రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

మా పిల్లలకు ఆయన పేరు కొత్త కాదు. క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది: 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు, ఆసియా సంతతి వారిలో ఆయనే మొదటివారు, 2001లో పద్మభూషణ్. బిట్టు అక్కడితో ఆగిపోతుంది. ఆ అవార్డు ఏ పనికి వచ్చిందో పిల్లలకు చెప్పాలన్నది నా కోరిక. నేను లెక్కల టీచర్ని. మాటను కంప్యూటర్ ఎలా గుర్తుపడుతుందో నా చదువులో ఎక్కడా లేదు.

అందుకే మొదటి నమస్కారం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో స్పీచ్ మీద రీసెర్చ్ చేస్తున్న చెల్లెమ్మకి. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసి, నేను ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పింది. మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య మనం ఖాళీ ఇవ్వమని, ఒకే మాట ఒక్కొక్కరి నోట ఒక్కోలా పలుకుతుందని, అసలు కష్టం అక్కడే మొదలవుతుందని. తరగతిలో ఆడించిన ఆట కూడా తన ఆలోచనే. వెనక బెంచీలో ఒక అబ్బాయి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఒక వాక్యం చెప్పాడు. బోర్డు దగ్గర ముగ్గురు. ఒకరి పని వినిపించిన శబ్దాలు రాయడం, రెండోవారిది అక్కడ ఏ మాట ఉండొచ్చో రాయడం, మూడోవారిది వాక్యం కుదిరిందో లేదో చూడడం. ఎవరు రాసింది ఎవరైనా చెరిపి దిద్దవచ్చు. మొదటి పాప 'రేపు', 'డికి', 'లవు' అని రాసింది. రెండోవాడు 'బడికి', 'గుడికి' రెండూ రాసి, చివర 'సెలవు' అని పెట్టాడు. మూడో అమ్మాయి కాసేపు చూసి 'గుడికి' చెరిపేసింది. సెలవు బడికే కదా ఇస్తారు అంది.

1970లలో మాటను గుర్తుపట్టడానికి రాజ్ రెడ్డి గారి బృందం తయారుచేసిన ప్రోగ్రాం హియర్‌సే-2 ఇలాగే పనిచేసేదని అప్పుడు చెప్పాను. దాని పద్ధతికి పేరే బ్లాక్‌బోర్డ్ మోడల్. అంతకు ముందటి హియర్‌సే-1తో నోటితో ఎత్తులు చెప్పి చదరంగం ఆడించారు. ఆ స్థితిలో ఏ ఎత్తులు చెల్లుతాయో ముందే తెలుసు కాబట్టి, సరిగా వినపడని మాటను కూడా అది పట్టుకోగలిగేది. ఇక 1976 నాటి హార్పీ. ఆయన శిష్యుడు బ్రూస్ లోవెర్ పీహెచ్‌డీ పని అది, 1,011 మాటలు గుర్తుపట్టేది. వాక్యం ఎన్ని విధాలుగా ఉండొచ్చో అన్నీ వెతుకుతూ పోతే ఆనాటి యంత్రాలకు అయ్యే పని కాదు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు వచ్చిన ప్రతిదాని వెంటా పోకుండా, ఒక్కదానికే ముడిపడిపోకుండా, కుదిరేలా ఉన్న నాలుగైదింటిని చేతిలో ఉంచుకుంటాం చూడండి, హార్పీ కూడా అడుగడుగునా అదే చేసేది. దాన్ని బీమ్ సెర్చ్ అంటారు.

పిట్స్‌బర్గ్‌లో ఉంటున్న అన్నయ్య రాజ్ రెడ్డి గారు పాఠాలు చెప్పిన అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఫొటోలు పంపారు, నేను రాసుకున్న సంవత్సరాలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూశారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో సివిల్ ఇంజనీరింగ్, తర్వాత ఆస్ట్రేలియాలో ఎంటెక్, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం, స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ. 1969లో కార్నెగీ మెలన్‌కు రావడం, 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టడం, 1991 నుంచి 1999 దాకా కంప్యూటర్ సైన్స్ స్కూల్‌కు డీన్. సివిల్ చదివినవాళ్లు కంప్యూటర్ వైపు ఎలా వెళ్లారని పిల్లలు ఆశ్చర్యపోయారు.

అయితే అన్నయ్య చెప్పినవాటిలో నా మనసులో నిలిచిపోయింది వేరే ఉంది. ఆయన శిష్యుడు కై-ఫు లీ, మాటను గుర్తించడానికి గురువు నమ్మిన దారిని వదిలి గణాంకాల దారిలో వెళ్తానన్నాడు. నీతో ఏకీభవించను, అయినా నీకు అండగా ఉంటాను అన్నారట రాజ్ రెడ్డి గారు. ఈ సంగతి లీ స్వయంగా చెప్పుకున్నాడు. ఆ అండతోనే 1988 నాటికి స్ఫింక్స్ తయారైంది. ఒక్క మనిషి గొంతుకే అలవాటు పడనక్కర్లేకుండా, ఎవరు గడగడా మాట్లాడినా గుర్తుపట్టగలిగింది అది. అంతకు ముందు ఇంకో శిష్యుడు జేమ్స్ బేకర్ కూడా గణాంకాల దారిలోనే మాటను గుర్తుపట్టే డ్రాగన్ చేశాడు. గురువుకంటే వేరుగా ఆలోచించే శిష్యుడికి యంత్రాలూ, డబ్బూ, సమయమూ ఇచ్చి నిలబడడం పాఠం చెప్పేవాళ్లలో ఎంతమందికి సాధ్యం? ఆయన చేసిన అన్నిటిలోకీ నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. అన్నయ్యా, ఈ ఒక్క మాటకే మీకు రుణపడి ఉంటాను.

రిటైర్డ్ హెడ్మాస్టారు ఒకరు ఆయన బాల్యం చెప్పారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు, రైతు కుటుంబం, ఇసుకలో దిద్దిన అక్షరాలు, ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. పాత తెలుగు పుస్తకాలు ఇవాళ తాను ఫోన్‌లో చదువుకుంటున్నానంటే, రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో మన దేశంలో స్కాన్ చేసిన పుస్తకాల పుణ్యమేనని మాస్టారు పిల్లలకు గట్టిగా చెప్పారు.

నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివిన అమ్మాయి సెలవు పెట్టుకుని మరీ బస్సెక్కి వచ్చింది. 2008లో పల్లె పిల్లల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ఆ యూనివర్సిటీకి తొలి చాన్సలర్ రాజ్ రెడ్డి గారే. తనూ సర్కారు బడి నుంచే వెళ్లానంది. పిల్లలు ఆమెను హాస్టల్ భోజనం దగ్గర్నుంచి ఇంగ్లీషు టెన్షన్ దాకా అన్నీ అడిగారు. ప్రతిదానికీ ఓపికగా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తల్లీ, నీకు మా బడి తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ప్రొజెక్టర్ ఇచ్చిన ఫొటో స్టూడియో తమ్ముడికి, కరెంటు పోగానే ఇన్వర్టర్ మోసుకొచ్చిన కిరాణా కొట్టు బాబాయికి, చార్టులు రాసిచ్చిన డ్రాయింగ్ మాస్టారికి పేరుపేరునా దండాలు. చార్టుల ఫొటోలు, స్లైడ్లు నా దగ్గర ఉన్నాయి. ఏ బడి టీచరైనా అడిగి తీసుకోవచ్చు.

చివర్లో ఒక పాప లేచి, ఫోన్‌తో మా అమ్మ మాట్లాడితే దానికి ఎందుకు సరిగా అర్థం కాదు, నేను పుస్తకంలో మాటలు మాట్లాడితేనే ఎందుకు అర్థమవుతుంది అని అడిగింది. హైదరాబాద్ చెల్లెమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మన యాసల్లో రికార్డు చేసిన మాటలు తక్కువ కావడమే ముఖ్య కారణమంది. వచ్చే నెల తనే వచ్చి, పిల్లల చేత వాళ్ల ఇళ్లలోని మాటలు రికార్డు చేయించి చూపిస్తానంది. దానికి రెండు మంచి మైకులు కావాలి. ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కరోజుకి ఇవ్వగలరా?