క్యారవాన్ పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు సరిగా బిగించనందుకు ఫిర్యాదు

రాజమహేంద్రవరం,
15-09-2025

మేనేజర్ గారికి,
హైదరాబాద్.

అయ్యా,

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా టెంపో ట్రావెలర్‌ని క్యారవాన్‌గా మార్చమని ఈ మార్చిలో మీ షెడ్డుకి ఇచ్చాను. జూన్ 12న బండి చేతికొచ్చింది. మంచాలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, వీటికి వంక పెట్టడానికేమీ లేదు. మీ వడ్రంగి చెయ్యి మంచిది. నా గొడవంతా పైనున్న రెండు సోలార్ ప్యానెళ్ల గురించే.

ఆగస్టు 23 రాత్రి మారేడుమిల్లిలో ఆగాం. వాన మొదలైన అరగంటకి మా అమ్మ లేచి, "ఒరేయ్, మొహం మీద నీళ్లు పడుతున్నాయిరా" అంది. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. లైటు వేసి చూస్తే సీలింగు ప్లైవుడ్ పొట్టలా ఉబ్బి ఉంది, లైటు అంచు నుంచి చుక్కచుక్కగా కారుతోంది. మా ఆవిడ కింద పాలగిన్నె పెట్టింది. అది నిండితే పారబోయడం, మళ్లీ పెట్టడం, తెల్లారేదాకా అదే పని. మా చిన్నప్పటి పెంకుటింట్లోనూ ఇలాగే గిన్నెలు పెట్టుకునేవాళ్లం. కాకపోతే ఆ ఇంటికి ఇంత ఖర్చు కాలేదు.

మర్నాడు మీకు ఫోన్ చేస్తే మంగళవారం మనిషిని పంపిస్తామన్నారు. మూడు మంగళవారాలు గడిచాయి. ఇక ఆగలేక బండిని విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నిచ్చెనేసి పైకెక్కి, రెండు నిమిషాల్లో నన్నూ రమ్మన్నాడు. ప్యానెల్‌ని పట్టి ఉంచే ఒక క్లాంపు స్క్రూని వేలితో తిప్పితే తిరిగింది. ఇంకోదాన్ని తిప్పాడు, అదీ తిరిగింది. మొత్తం పదహారు స్క్రూల్లో ఐదు వేలితోనే వచ్చేశాయి. మొనలన్నీ తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. ఒక్క స్క్రూ కూడా కప్పు కింద అడ్డంగా ఉండే ఇనుప పట్టీలోకి దిగలేదు. అన్నీ పలచటి రేకుకే వేలాడుతున్నాయి. లోపల పట్టీ వేసి, బోల్టూ నట్టూ బిగించాల్సిన చోట రేకుని తొలుచుకుని దిగే సెల్ఫ్ స్క్రూలు కొట్టి వదిలేశారని మేస్త్రి అన్నాడు.

ఇవి ఇంటి డాబా మీద పెట్టే 330 వాట్ల ప్యానెళ్లు. ఒక్కోటి 22 కిలోలు. వీటిని బండి మీద పెట్టకూడదని నేననను, చాలామంది పెట్టుకుంటున్నారు. కానీ డాబా కదలదు. బండి గంటకి ఎనభై మీద పోతుంటే ప్యానెల్ కిందికి గాలి దూరి పైకి లేపుతుంది. హైవే మీద అది ఊడి వెనకొచ్చే మోటార్ సైకిల్ మీద పడి ఉంటే? జూన్ నుంచి ఆ బండిలో నేను మనవళ్లని కూడా తిప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

స్క్రూల చుట్టూ పూసిన సిలికాన్ కూడా అందుకు పనికొచ్చేది కాదు. బండి అప్పగించిన రోజు పైనుంచి వెనిగర్ వాసన వస్తుంటే ఏమిటని అడిగాను. "కొత్త సామాను వాసన మాస్టారూ" అన్నాడు మీ కుర్రాడు. అలా పుల్లటి వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం విడుదల చేస్తుంది, ఇనుముని తినేస్తుంది. అది బాత్రూం టైల్సుకి పూసుకునేది. బండి రేకుకి బ్యూటైల్ టేపు, అంటే జిగురుగా ఉండే రబ్బరు పట్టీ, వేసి, దాని మీద పాలీయురేథేన్ సీలెంట్ పూయాలి. ఇక వైర్లు లోపలికి దించిన చోట వైరు ఒరుసుకోకుండా, నీళ్లు దిగకుండా రంధ్రానికి పెట్టే రబ్బరు గ్లాండ్ కూడా లేదు. రేకు అంచు ఒరుసుకుని ఒక వైరు తొడుగు చిరిగింది, రాగి కనిపిస్తోంది. బ్యాటరీకీ, ప్యానెళ్ల కరెంటుని దానికి సరిపడా అందించే డబ్బా, అంటే కంట్రోలర్‌కీ మధ్య ఫ్యూజు లేదు. ఫొటోలు పంపుతున్నాను.

కరెంటు సంగతి. ఫ్రిజ్ రాత్రికి ఆగిపోతోందని జులైలోనే చెప్పాను. "మబ్బులుంటే అంతే మాస్టారూ" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని, ఆ మాటతో ఊరుకోలేకపోయాను. సెప్టెంబరు 10న, మబ్బు తునక లేని రోజు, బ్యాటరీ సగానికి దిగి ఉండగా, ఉదయం 11:40కి క్లాంప్ మీటరు, అంటే వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది, పెట్టి చూశాను. ప్యానెళ్ల నుంచి కంట్రోలర్‌కి 15.5 ఆంపియర్లు వస్తున్నాయి. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి పోయేవీ 15.5 ఆంపియర్లే. బ్యాటరీ దగ్గర వోల్టేజీ 13.5. రెండూ గుణిస్తే దాదాపు 210 వాట్లు. నేను డబ్బు కట్టింది 660 వాట్లకి. ఎండకి ప్యానెల్ వేడెక్కి కొంత తగ్గుతుందని నాకూ తెలుసు. ఐదో వంతు పోయిందనుకున్నా 528 రావాలి.

మీ కొటేషన్‌లో "ఎంపీపీటీ కంట్రోలర్" అని రాశారు, డబ్బా మీద స్టిక్కరూ అదే చెబుతోంది. నిజమైన ఎంపీపీటీ అయితే ప్యానెల్ దగ్గరున్న ఎక్కువ వోల్టేజీని బ్యాటరీకి సరిపడా దించి, దించిన మేరకు ఆంపియర్లు పెంచి ఇస్తుంది. ఈ ప్యానెళ్ల వెనక రాసిన వోల్టేజీ 37.6. కాబట్టి లోపలికి 15.5 ఆంపియర్లు వెళ్తే బయటికి దానికి రెట్టింపు పైనే రావాలి. ఇక్కడ ఎంత వెళ్తే అంతే వస్తోంది. పైగా ప్యానెల్ వైపు వోల్టేజీ కూడా 13.7కి పడిపోయి ఉంది. స్టిక్కర్ ఏమన్నా, ఇది మామూలు పీడబ్ల్యూఎం, అంటే వోల్టేజీని మార్చకుండా ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలిపే రకం. ఇది మీకు తెలిసి పెట్టారో, మీకు అమ్మినవాడు మిమ్మల్ని ముంచాడో నాకు అనవసరం. బిల్లులో ధర మాత్రం ఎంపీపీటీదే వేశారు.

రెండు ప్యానెళ్లూ దించి, ఆ పదహారు రంధ్రాలూ పూడ్చి, తుప్పు గీకి రంగు వేయించండి. పాడైన సీలింగు మార్చండి. ప్యానెళ్లని మళ్లీ లోపలి పట్టీలకి బోల్టులతో బిగించి, వైర్లకి గ్లాండూ ఫ్యూజూ పెట్టి, అసలైన ఎంపీపీటీ కంట్రోలర్ అమర్చండి. పనంతా అయ్యాక నా ఎదురుగా మీటరు పెట్టి చూపించాలి, అప్పుడే సంతకం పెడతాను. మీ వల్ల కాకపోతే సోలార్ పనికి తీసుకున్న డబ్బు మొత్తం, సీలింగు ఖర్చుతో సహా తిరిగివ్వండి. ఆ మేస్త్రితోనే చేయించుకుంటాను. వారంటీ కాగితంలో "వాన నీటి వల్ల జరిగే నష్టానికి బాధ్యత లేదు" అన్న వాక్యం నాకు చూపించొద్దు. వాన దారి చేసుకుని రాలేదు, మీరు డ్రిల్లుతో చేసిన దారినే వచ్చింది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేసి, తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కొన్న ఊళ్లోనే కేసు వేయాలని లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న చోటే వేసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి వాయిదాలకి మీరే రావాల్సి ఉంటుంది.

ఊడిన ఐదు స్క్రూలూ హార్లిక్స్ సీసాలో వేసి దాచాను. మీ మనిషి వస్తే చూపిస్తాను. అతన్ని మాత్రం మంగళవారం పంపిస్తామని చెప్పకండి, ఆ మాట వింటే మా ఆవిడ నవ్వుతోంది.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరచినవి: కొటేషన్, బిల్లు, పైకప్పు ఫొటోలు 11, మీటరు రీడింగుల వీడియో, మేస్త్రి రాసిచ్చిన ఎస్టిమేట్.