సైకిలుకు ఆర్‌సీ అడిగితే ఏం చూపాలి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా అనంతపురంలో ఒక కూడలి దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ మోటారు బిగించిన సైకిలు మీద పోతున్న నన్ను ఆపినాడు. "ఏం పెద్దాయనా, తొక్కకుండానే పోతాంది బండి! ఆర్‌సీ ఏదీ?" అన్నాడు. సైకిలుకు ఆర్‌సీ ఏంది సార్ అన్నాను. "మోటారుంటే అది సైకిలెట్లయితాది?" అన్నాడు. జవాబు నాకు తెలుసు గానీ, చూపడానికి చేతిలో కాగితం లేదు. పావుగంట ఎండలో నిలబెట్టి వదిలేశాడు. ఆయన్ను తప్పుపట్టను, ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. ఆ లేని కాగితం గురించే ఈ లేఖ.

నేను పోస్టుమ్యాన్‌గా రిటైరైనవాణ్ని. ఉద్యోగమంతా తొక్కిన అట్లాస్ సైకిలు ఇంకా నా దగ్గరే ఉంది. (ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడింది. నా బండి మాత్రం ఇనుప గుండు.) అరిగింది నా మోకాళ్లే. బుక్కరాయసముద్రంలో కూతురింటికి పోయి తిరిగొచ్చేటప్పుడు ఆషాఢం గాలి ఎదురు కొడుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి అది, ముసలోడి సైకిలు దానికెంత? అందుకే 20 వేల దాకా పెట్టి మోటారు, బ్యాటరీ కలిపి అమ్మే కిట్టు కొని, వెనక చక్రంలో మోటారు వేయించుకున్నాను. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. నిండా చార్జింగ్ పెట్టినా అర యూనిట్ కరెంటు కాలదు. కాస్త తొక్కుతూ పోతే 30 కిలోమీటర్లు లాగుతుంది.

ఇక చట్టం సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో బ్యాటరీ వాహనం అంటే ఏమిటో చెప్పే చోట ఒక మినహాయింపు ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండాలి. తొక్కే వాడికి తోడుగా పనిచేసే మోటారు అయితే, వేగం గంటకు 25 కిలోమీటర్లకు చేరేసరికి అది తనంతట తాను ఆగిపోవాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ఇవన్నీ ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు.

కానీ అందులోనే ఒక మెలిక పెట్టారు. ఈ షరతులు సరిపోయాయని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ తేల్చి చెప్పాలి. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటివన్న మాట. కంపెనీ తయారుచేసి అమ్మే ఎలక్ట్రిక్ సైకిలు మోడల్‌కు ఆ కాగితం తెచ్చుకోగలదు. మా వీధి పంచర్ షాపులో మోటారు బిగించిన పాత సైకిలుకు ఎవరు తెస్తారు? నేను పుణే రైలెక్కాలా? కాగితం లేకపోతే ఆ కానిస్టేబుల్ మాటే నెగ్గుతుంది. రేపు పొరపాటున నా బండి ఎవరికైనా తగిలితే, ఇది సైకిలా, ఇన్సూరెన్సు లేని మోటారు బండా అన్న వాదన కోర్టు దాకా పోతుంది.

ఇందులో విచిత్రమేమంటే, 250 వాట్ల లోపు మోటారున్న నన్ను ఆపిన కూడలిలోనే 1,000 వాట్ల మోటారు బిగించిన కుర్రోడు పెడల్ మీద కాలైనా పెట్టకుండా స్కూటర్లను దాటుకుని పోతాడు. చూడ్డానికి రెండూ సైకిళ్లే. తేడా వెనక చక్రం నడిమధ్య హబ్ మీద, అంటే మోటారుండే చోట, చెక్కిన అంకెల్లో ఉంటుంది. వంగి చూడాలని తెలిస్తే కదా చూసేది!

బిగించే వాళ్ల సంగతీ చెప్పాలి. మా మెకానిక్ చక్రం బెండు తీయడంలో జిల్లాలోనే దిట్ట అంటాను. కానీ హబ్ మోటారు తిరిగేటప్పుడు ఇరుసును వెనక్కి తిప్పాలని చూస్తుందని, దాన్ని ఆపే టార్క్ వాషరు తప్పనిసరని ఆయనకెవరూ నేర్పలేదు. పది రోజులకే ఇరుసు గాడిలోంచి తిరిగి వైరు తెగింది. రోడ్డు మీద కాబట్టి బతికిపోయాను, కల్వర్టు మీదైతే ఏమయ్యేదో. పాత రాడ్ బ్రేకులు ఈ వేగానికి ఆగవని కూడా నాకు నేనే తెలుసుకుని, రిమ్ములతో సహా మార్పించాను. మే నెల ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారనీయకుండా చార్జింగ్ పెట్టకూడదని కిట్టు అమ్మినాయన చెప్పలేదు. లిథియం సెల్ 45 డిగ్రీలు దాటితే చార్జింగ్‌కు పనికిరాదు. మన ఊళ్లో ఎండలో నిలిపిన బ్యాటరీకి అదెంత సేపు?

పన్ను చూస్తే ఇంకో వింత. కొత్త ఎలక్ట్రిక్ సైకిలుకు జీఎస్టీ 5 శాతం. మామూలు సైకిలుకూ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. పాత సైకిలును బతికించుకునే వాడు విడిగా కొనే మోటారుకు, లిథియం బ్యాటరీకి మాత్రం 18 శాతం.

పన్ను సంగతి ఢిల్లీలో తేలాలి, దానికి టైము పడుతుంది. కిట్టునే తయారీదారు దగ్గర ఒకసారి పరీక్షించి, ప్రతి పెట్టెలో ఆ ధ్రువపత్రం నకలు పెట్టి అమ్మాలని కేంద్ర రవాణా శాఖ నిబంధన మార్చాలి. అంతవరకు మన జిల్లా రవాణా అధికారులు చేయగలిగిన పని ఒకటుంది. ఆ మినహాయింపును తెలుగులో ఒక్క పేజీగా అచ్చువేసి ట్రాఫిక్ సిబ్బందికి, సైకిల్ షాపులకు పంచితే చాలు. హబ్ మీద అంకె ఎక్కడ చూడాలో బొమ్మ వేసి మరీ చూపాలి. బిగింపు పని ఐటీఐలో రెండు రోజులు నేర్పించినా మా మెకానిక్ లాంటి వాళ్లు అందుకుంటారు.

నేనైతే ఆ నిబంధనను జిరాక్సు తీయించి, కిట్టు బిల్లుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సీటు కింద రబ్బరు బ్యాండుతో కట్టుకుని తిరుగుతున్నాను.

– ఒక విశ్రాంత పోస్టుమ్యాన్, పాతూరు, అనంతపురం